65 వేల డాలర్ల ఇల్లు, నెలకు 1,150 అద్దె: క్లీవ్‌ల్యాండ్ ఈస్ట్ సైడ్‌లో కొనొచ్చా?

కొత్త_పెట్టుబడి అడుగుతున్నారు:

అందరికీ నమస్కారమండీ. మేం న్యూజెర్సీలో ఉంటాం, ఇద్దరం హెచ్1బి. ఇక్కడ రెండో ఇల్లు కొనే స్తోమత లేక ఒహాయో వైపు చూస్తున్నాం. ఒక హోల్‌సేలర్ (చవక ఇళ్లు వెతికి ఇన్వెస్టర్లకు అంటగట్టే మధ్యవర్తి) క్లీవ్‌ల్యాండ్ ఈస్ట్ సైడ్‌లో, గ్లెన్‌విల్ దగ్గర ఒక ఇల్లు పంపాడు. 1922లో కట్టిన రెండంతస్తుల చెక్క ఇల్లు, మూడు బెడ్‌రూమ్‌లు, కింద బేస్‌మెంట్. ధర 65,000. రిపేర్లకు ఇంకో 15,000 పెడితే చాలంటున్నాడు. ఇంట్లో ఇప్పటికే టెనెంట్ ఉన్నారట, నెలకు 1,150 వస్తోందట.

అతని షీట్ ప్రకారం ఏడాదికి పన్ను 1,400, ఇన్సూరెన్స్ 900, మేనేజ్‌మెంట్‌కి 10 శాతం. ఇవి పోగా 15.5 శాతం రాబడి. డబ్బు మా ఇంటి మీద హెలాక్ (ఉన్న ఇంటిని తాకట్టు పెట్టి వాడుకునే లోన్) తీసుకుని పెడదామని ఆలోచన. క్రైమ్ మ్యాప్‌లో మాత్రం ఆ జిప్ కోడ్ అంతా ఎర్రగానే కనిపిస్తోంది.

ఆ 15 శాతం నిజంగా చేతికొస్తుందా? దూరం నుంచి వీధి ఎలాంటిదో ఎలా తెలుసుకోవాలి? సెక్షన్ 8 టెనెంట్లయితే, అంటే ప్రభుత్వ అద్దె సాయం వోచర్ ఉన్నవాళ్లయితే, అద్దె గ్యారంటీ అంటారు, ఎంతవరకు నిజం? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

లెక్కల_మాస్టారు:

ముందు ఆ షీట్ సంగతి చూద్దాం. ఏడాది అద్దె 13,800. అందులోంచి 1,400, 900, 1,380 తీసేస్తే 10,120 మిగులుతుంది. దాన్ని 65,000తో భాగించి 15.5 అన్నాడు. మీరు పెట్టబోయే 15,000 రిపేరు ఆ 65,000లో కలవలేదు, చూశారా? ఖాళీ నెలలు లేవు, రాని అద్దె లేదు, నీళ్ల బిల్లు లేదు, టెనెంట్ మారినప్పుడయ్యే ఖర్చు లేదు, పైకప్పుకీ ఫర్నేస్‌కీ దాచాల్సింది లేదు.

ఉదాహరణకు ఇలా వేయండి. అంకెలు మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి, వరస మాత్రం వదలొద్దు. ఖాళీకి, రాని అద్దెకి కలిపి 15 శాతం, అంటే 2,070 పోగా చేతికొచ్చేది 11,730. దాని మీద మేనేజర్‌కి 10 శాతం, 1,173. కొత్త టెనెంట్‌ని పెట్టినప్పుడల్లా ఒక నెల అద్దె తీసుకుంటారు కాబట్టి రెండేళ్లకోసారి మారితే ఏడాదికి 575. పన్ను 2,400, ఇన్సూరెన్స్ 1,600, నీళ్లు 700, చిల్లర రిపేర్లు 1,300. టెనెంట్ వెళ్లాక పెయింటు, ఫ్లోరింగ్, చెత్త ఎత్తివేత, తాళాలు కలిపి 3,000 అనుకుంటే ఏడాదికి 1,500. పైకప్పు, ఫర్నేస్, వాటర్ హీటర్ కోసం పక్కన పెట్టేది 1,200. ఖర్చంతా 10,448. మిగిలేది 1,282. మీరు పెట్టిన 80,000 మీద 1.6 శాతం.

ఇప్పుడు అదే ఇంట్లో టెనెంట్ ఐదేళ్లు ఉన్నారనుకోండి. ఖాళీ, రాని అద్దె కలిపి 5 శాతానికి దిగుతుంది. టెనెంట్ మారే ఖర్చు ఏడాదికి 600, ప్లేస్‌మెంట్ ఫీజు 230 అవుతుంది. మిగిలేది 3,769, అంటే 4.7 శాతం. అద్దె పైసా పెరగలేదు, అదే ఇల్లు, రాబడి దాదాపు మూడింతలు. ఈ తరహా పేటల్లో వ్యాపారమంతా ఇక్కడే ఉంది: టెనెంట్ ఎన్నేళ్లు ఉంటారన్నది. కొన్న ధర దాని తర్వాతే. రెండు వేలు తక్కువకి బేరమాడటం కన్నా మంచి టెనెంట్‌ని ఇంకో ఏడాది ఉంచుకోవడం లాభం.

పన్ను 2,400 అని ఎందుకు వేశానంటే, షీట్లలో సాధారణంగా పాత విలువ మీద పాత పన్ను చూపిస్తారు. కయహోగా కౌంటీ 2024లో ఆస్తులన్నిటికీ మళ్లీ విలువ కట్టింది, చాలా పేటల్లో గట్టిగా పెరిగింది. పైగా అమ్మేవాళ్లు ఆ ఇంట్లోనే ఉండే పెద్దవయసువాళ్లయితే వాళ్లకున్న మినహాయింపు మీకు రాదు. ఒహాయోలో పన్ను ఏడాది వెనక నడుస్తుంది, కాబట్టి క్లోజింగ్‌లో (ఇల్లు చేతులు మారే రోజు లెక్కల్లో) పాత కాలం వాటా అమ్మేవాళ్ల దగ్గర పూర్తిగా పట్టుకోమని, హక్కు పత్రాలు చూసే టైటిల్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి.

ఇక హెలాక్. దాని వడ్డీ 8 శాతం దగ్గరుంటే 4.7 శాతం ఇచ్చే ఇంటికి నెలనెలా మీరే ఎదురు డబ్బు కట్టాలి. అద్దె ఆగినా బ్యాంకు ఆగదు, తాకట్టులో ఉన్నది మీరుండే ఇల్లు. కొనబోయే ఇంటి మీదే లోన్ తీసుకుందామన్నా చాలామంది లెండర్లు 75 వేలు, లక్ష కన్నా చిన్న లోన్ ఇవ్వరు. అందుకే ఈ ఇళ్లు నగదు కొనుగోలుదార్ల చేతుల్లోనే తిరుగుతుంటాయి.

టాక్స్‌లో నష్టం చూపించి మిగుల్చుకుందామన్న ఆశ కూడా పెట్టుకోకండి. అద్దె ఇంటి నష్టాన్ని జీతం మీద తీసేసే 25,000 వెసులుబాటు ఆదాయం లక్ష దాటినప్పటి నుంచి తగ్గుతూ 1,50,000కి సున్నా అవుతుంది. ఇద్దరి జీతాలతో మీరు ఆ గీత దాటే ఉంటారు. నష్టం పోదు, తర్వాతి ఏళ్లకు వెళ్తుంది, అంతే.

వీధి_చివర:

మాస్టారి లెక్కకి ఒక్క మాట కలుపుతా. ఖాళీకి, రాని అద్దెకి పోయేది 5 శాతమా 15 శాతమా అన్నది వీధి తేలుస్తుంది, జిప్ కోడ్ కాదు.

ధరలు ఇంత తక్కువ ఎందుకున్నాయో ముందు తెలియాలి. క్లీవ్‌ల్యాండ్ జనాభా 1950లో 9,14,808. 2020 నాటికి 3,72,624. మనుషులు వెళ్లిపోయారు, ఇళ్లు మిగిలాయి. 1930ల్లో ఫెడరల్ సంస్థ హెచ్‌ఓఎల్‌సి వేయించిన మ్యాపుల్లో నల్లజాతివాళ్లుండే పేటలకు ఎర్రరంగు పూసి ప్రమాదకరమని గుర్తేశారు. అలాంటి పేటల్లో దశాబ్దాల పాటు బ్యాంకు లోన్లు పుట్టలేదు, ఇళ్ల మీద డబ్బు పెట్టినవాళ్లు లేరు. ఆ తర్వాత 2007 ఫోర్‌క్లోజర్ల దెబ్బ, ముఖ్యంగా స్లావిక్ విలేజ్ మీద. కాబట్టి "ఇంత చవకగా ఉంది, రేపు పెరుగుతుంది" అన్నది ఇక్కడ ఊరికే నడిచే తర్కం కాదు.

కౌంటీ ఆస్తుల వెబ్‌సైట్ తెరిచి ఆ వీధిలో రెండు వైపులా ప్రతి ఇల్లూ చూడండి. ఓ గంట పని. యజమానికి పన్ను బిల్లు ఏ అడ్రస్‌కి వెళ్తోందో రాసుకోండి. బిల్లు అదే ఇంటికి వెళ్తుంటే యజమాని అక్కడే ఉంటున్నారని అర్థం. సగం పైన అలా ఉంటే మంచి వీధి. బిల్లులన్నీ వేరే రాష్ట్రాల ఎల్‌ఎల్‌సి కంపెనీలకు వెళ్తుంటే మీలాంటివాళ్లే ఒకరికొకరు అమ్ముకుంటున్నారు. పన్ను బకాయి ఉన్నవి ఎన్ని, కూల్చేసి ఖాళీ స్థలమైనవి ఎన్ని, వదిలేసిన ఇళ్లను తీసుకునే ల్యాండ్ బ్యాంకు చేతిలో ఉన్నవి ఎన్ని, అవీ లెక్కపెట్టండి.

తర్వాత రికార్డర్ ఆఫీసు పత్రాల్లో ఆ వీధిలో గత మూడేళ్ల అమ్మకాలు చూడండి. ఎవరైనా తనఖా పెట్టి, ముఖ్యంగా ప్రభుత్వ బీమా ఉండే ఎఫ్‌హెచ్‌ఏ లోన్‌తో కొన్నారా? కొంటే, రేపు మీరు అమ్మేటప్పుడు ఆ ఇంట్లో ఉండటానికి కొనే కుటుంబం దొరుకుతుంది. ఒక్కటి కూడా లేకపోతే మీ దగ్గర కొనేది ఇంకో ఇన్వెస్టరే, అతనూ మాస్టారి లెక్కే వేసుకుంటాడు. లీ-హార్వర్డ్ లాంటి చోట సొంతింటివాళ్లు ఎక్కువ, ధర కాస్త ఎక్కువైనా ఈ కారణానికే నిలబడుతుంది. ఇంకొకటి, ఈస్ట్ క్లీవ్‌ల్యాండ్ అన్నది వేరే సిటీ. పేరు చూసి క్లీవ్‌ల్యాండ్‌లో తూర్పు భాగం అనుకుని కొనేవాళ్లు ఉన్నారు. పన్నులు, పోలీసు, నిబంధనలు అన్నీ వేరు.

క్రైమ్ మ్యాప్‌లో మొత్తం సంఖ్య వదిలేసి రకం చూడండి. ఇంటి యజమానిని నేరుగా దెబ్బతీసేవి దొంగతనాలు, ఖాళీ ఇళ్లకు నిప్పు పెట్టడాలు. మీ ఇంటికి రెండు మూడు ఇళ్ల దూరంలో ఒకే అడ్రస్‌కి పోలీసులు పదేపదే వస్తున్నారా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఆ అడ్రస్‌ల కాల్ రికార్డు పబ్లిక్ రికార్డ్స్ కింద పోలీసు శాఖని అడగొచ్చు. ఒక చెడ్డ ఇల్లు ఉన్నచోట మంచి టెనెంట్ లీజు అయిపోగానే వెళ్లిపోతారు.

మనిషి వెళ్లి చూడక తప్పదు. పనిదినం పొద్దున, శుక్రవారం రాత్రి పది దాటాక, ఆదివారం మధ్యాహ్నం, ఇలా మూడు వేళల్లో. పోర్చ్‌లో కుర్చీలు, కుండీలు, కోసిన గడ్డి కనిపిస్తే ఇంట్లో పట్టించుకునేవాళ్లు ఉన్నట్టు. కిటికీలకు కొట్టిన ప్లైవుడ్ కొత్తదైతే ఖాళీ ఈమధ్య అయింది, అది పాత నల్లబడిన ప్లైవుడ్ కన్నా చెడ్డ గుర్తు. ఆ వీధికి ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మన్‌కి తెలిసినంత ఎవరికీ తెలియదు.

"ఏరియా సేఫేనా" అని ఏజెంట్‌ని అడిగితే సమాధానం రాదు. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద అది స్టీరింగ్ (జాతి వగైరా బట్టి కొనేవాళ్లని ఒక పేటకి మళ్లించడం) కిందికి వస్తుందని వాళ్ల భయం. అదే చట్టం మీకూ వర్తిస్తుంది. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం, లింగం, వైకల్యం, పిల్లలున్న కుటుంబం, వీటిలో దేన్ని బట్టీ టెనెంట్‌ని కాదనకూడదు. ఆదాయం అద్దెకి ఎన్ని రెట్లు ఉండాలి, పాత ఈవిక్షన్లు (కోర్టు ద్వారా ఖాళీ చేయించడాలు) ఎంతవరకు ఒప్పుకుంటారు, పాత యజమానుల రిఫరెన్స్ ఎలా చూస్తారు, ఇవన్నీ ముందే కాగితం మీద పెట్టి అందరికీ ఒకే కొలత వాడండి. మన వాట్సాప్ గ్రూపుల్లో "ఫలానావాళ్లకి ఇవ్వకు" అంటూ తిరిగే సలహాలు అసహ్యం, పైగా కోర్టుకీడుస్తాయి.

పాతింటి_పైపు:

1922 ఇల్లు అంటున్నారు కాబట్టి 15,000 రిపేరు అన్న అంకె ఎవరి నోటి నుంచి వచ్చిందో అడగండి. హోల్‌సేలర్లు పెయింటు, ఫ్లోరింగ్, కిచెన్ క్యాబినెట్లు లెక్కేస్తారు. ఆ ఇంట్లో డబ్బు తినేవి కంటికి కనబడవు.

మొదటిది మురుగు లైన్. ఇంటి నుంచి వీధి వరకు ఆ కాలంలో మట్టి పైపులు వేసేవాళ్లు, అతుకుల్లోకి చెట్ల వేళ్లు దూరతాయి. మామూలు ఇన్‌స్పెక్షన్‌లో ఇది ఉండదు. రెండు మూడు వందల డాలర్లతో కెమెరా వేయించండి. పైపు కూలి ఉంటే మార్పించడానికి వేలల్లో అవుతుంది, బేరమాడటానికి అంతకన్నా గట్టి కాగితం లేదు. ఇంట్లో నీళ్ల పైపులు గాల్వనైజ్డ్ ఇనుము అయితే లోపల తుప్పు పేరుకుని పై అంతస్తు బాత్రూమ్‌లో ధార సన్నగా వస్తుంది. కింద, పైన రెండు కుళాయిలు ఒకేసారి తిప్పితే తెలిసిపోతుంది.

కరెంటు. గోడల్లో పింగాణీ గుబ్బల మీద నడిచే పాత నాబ్ అండ్ ట్యూబ్ వైరింగ్ ఉంటే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు పాలసీ ఇవ్వవు. బేస్‌మెంట్ పైకప్పు దగ్గర, అటకలో చూస్తే కనబడుతుంది. ప్యానెల్ మీద ఫెడరల్ పసిఫిక్ గానీ జిన్స్‌కో గానీ పేరుంటే మార్చే ఖర్చు వేసుకోండి, ఆ బ్రేకర్లు లోడ్ ఎక్కువైనప్పుడు పడకపోవచ్చు.

బేస్‌మెంట్ గోడలు లోపలికి పొట్టలా ఉబ్బాయేమో నూలు తాడు పట్టి చూడాలి. ఫర్నేస్ హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, అది రిపేరు కాదు, మార్పే. పైకప్పు మీద షింగిల్స్ ఇప్పటికే రెండు పొరలుంటే మూడోది వేయలేరు, మొత్తం పీకాలి.

లెడ్ (సీసం) పెయింటు గురించి వేరే చెప్పాలి. 1978కి ముందు కట్టిన ప్రతి ఇంటికీ అమ్మేటప్పుడు, అద్దెకిచ్చేటప్పుడు ఫెడరల్ డిస్‌క్లోజర్ కాగితం, కరపత్రం ఇవ్వాలి. కొనేవాళ్లకి లెడ్ పరీక్షకు పది రోజుల హక్కు ఉంటుంది, హోల్‌సేలర్లు మొదట వదిలించేది దాన్నే. అద్దె ఇంట్లో పాత పెయింటు ఒక గదిలో ఆరు చదరపు అడుగులు మించి గోకినా కోసినా, బయట 20 చదరపు అడుగులు మించినా, ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ల ఆర్‌ఆర్‌పి (సీసం పెయింటు పనుల) సర్టిఫికెట్ ఉన్న కాంట్రాక్టరే చేయాలి. కిటికీ పీకడమైతే కొలతతో పని లేదు, సర్టిఫికెట్ కావాల్సిందే. పాత చెక్క కిటికీలు పైకీ కిందికీ జరిగేచోట రాలే దుమ్మే పిల్లలకు అసలు విషం, కాబట్టి డబ్బు తక్కువుంటే ముందు కిటికీల మీద పెట్టండి. క్లీవ్‌ల్యాండ్‌లో దీనికి తోడు సిటీ లెడ్ సేఫ్ సర్టిఫికెట్ కూడా కావాలి.

లోపల వాడే సామాను సంగతి: కార్పెట్ వద్దు, గట్టి పొరున్న వినైల్ ప్లాంక్ వేయించండి. అన్ని గదులకీ ఒకే రంగు, ఒకే బ్రాండ్ సెమీగ్లాస్, డబ్బా నంబరు రాసి పెట్టుకుంటే తర్వాత మచ్చ మీద మచ్చ కలిసిపోతుంది. సింకులో చెత్త గ్రైండర్, డిష్‌వాషర్ పెట్టకండి, లేని వస్తువుకి రిపేరు కాల్ రాదు. తలుపు ఎంత గట్టిదైనా చౌకట్టు చీలితే అంతే, స్ట్రైక్ ప్లేట్‌కి మూడంగుళాల స్క్రూలు వేయించి వెనకున్న స్టడ్‌లోకి దిగేలా చూడండి. బేస్‌మెంట్ కిటికీలకు గ్లాస్ బ్లాక్ అక్కడ మామూలే, గాలికి చిన్న వెంట్ వదలాలి.

దస్తావేజు:

టైటిల్ (యాజమాన్య హక్కు) ఇన్సూరెన్స్ లేకుండా ఒక్క డాలర్ పంపొద్దు. క్విట్ క్లెయిమ్ డీడ్ ఇస్తామంటే అక్కడితో ఆపండి. అది అమ్మేవాడికి ఏ హక్కు ఉందో అదే ఇస్తుంది, ఏమీ లేకపోతే ఏమీ ఇవ్వదు. పన్ను బకాయి వేలంలో చేతులు మారిన ఇళ్లలో ఇది మరీ ఎక్కువ.

టైటిల్ సెర్చ్‌లో అన్నీ తేలవు. సిటీ బిల్డింగ్ శాఖలో ఆ అడ్రస్ మీద వయొలేషన్ నోటీసు, కూల్చివేత ఉత్తర్వు ఉన్నాయేమో విడిగా అడగాలి. సిటీ కూలిస్తే ఆ ఖర్చు యజమానికే వస్తుంది. నీళ్లు, మురుగు బకాయిలు పన్ను బిల్లుకి ఎక్కుతాయి, కాబట్టి ఫైనల్ మీటర్ రీడింగ్ తీయించి కొంత డబ్బు ఎస్క్రోలో (మూడోవాళ్ల దగ్గర) ఆపమనండి.

కొన్నాక చేయాల్సినవి: ఒహాయోలో పెద్ద కౌంటీల్లో అద్దె ఇంటిని కౌంటీలో నమోదు చేయాలి, వేరే రాష్ట్రంలో ఉండే యజమాని ఒహాయోలో ఉన్న ఏజెంట్‌ని చూపాలి. క్లీవ్‌ల్యాండ్ సిటీ 2024లో తెచ్చిన రెసిడెంట్స్ ఫస్ట్ నిబంధనలతో దూరపు యజమానులకు స్థానికంగా బాధ్యత వహించే మనిషి పేరు ఇవ్వడం తప్పనిసరి. కంపెనీ పేరు చాలదు, మనిషి పేరు కావాలి.

ఇది క్లీవ్‌ల్యాండ్ గోల మాత్రమే అనుకోకండి. ఫిలడెల్ఫియాలో రెంటల్ లైసెన్స్ లేని యజమాని అద్దె వసూలు చేయలేడు. బాల్టిమోర్‌లో లైసెన్సుతో పాటు కొన్ని ఇళ్ల కింద నేల వేరేవాళ్లది, గ్రౌండ్ రెంట్ కట్టాలి. మిచిగాన్‌లో ఇల్లు చేతులు మారిన మరుసటి ఏడాది పన్ను విలువకున్న కట్టడి పోతుంది, సొంతంగా ఉండని ఇంటికి స్కూల్ పన్ను 18 మిల్స్ (పన్ను విలువలో వెయ్యి డాలర్లకి 18 డాలర్లు) అదనం. డెట్రాయిట్‌లో ఇల్లు వెతికేవాళ్లు పాత పన్ను బిల్లు చూసి మోసపోయేది అందుకే.

వోచర్:

సెక్షన్ 8 అద్దె గ్యారంటీ అన్నది సగం నిజం. హౌసింగ్ అథారిటీ ఇచ్చే వాటా నెలనెలా బ్యాంకులో పడుతుంది, అది నిజం. టెనెంట్ వాటా, సుమారుగా వాళ్ల ఆదాయంలో 30 శాతం, వాళ్లే కట్టాలి, దానికి గ్యారంటీ లేదు. ఇంటికి జరిగే నష్టానికీ లేదు. అయితే ఒకటి: లీజు తప్పితే వోచర్ పోయే ప్రమాదం ఉంది, అది పోతే మళ్లీ వరసలో ఏళ్లు పడుతుంది. అందుకే మంచి ఇంట్లో కుదురుకున్న వోచర్ కుటుంబం త్వరగా కదలదు. మాస్టారు చెప్పిన ఐదేళ్లు ఇక్కడ దొరికే అవకాశం ఎక్కువ.

అద్దె ఎంత వస్తుందన్నది హోల్‌సేలర్ చెప్పేది కాదు. ఫెడరల్ గృహ శాఖ హడ్ ప్రకటించే ఫెయిర్ మార్కెట్ రెంట్‌కి మామూలుగా 90 నుంచి 110 శాతం మధ్య స్థానిక అథారిటీ, మీ విషయంలో కయహోగా మెట్రోపాలిటన్ హౌసింగ్ అథారిటీ, పేమెంట్ స్టాండర్డ్, అంటే సాయానికి పై హద్దు, పెడుతుంది. ఆ పైన చుట్టుపక్కల వోచర్ లేని ఇళ్ల అద్దెతో పోల్చి సమంజసమా అని చూస్తుంది. స్టాండర్డ్ 1,400 ఉన్నా పక్కిళ్లు 1,100కి వెళ్తుంటే మీకు 1,400 రాదు. గ్యాస్, కరెంటు టెనెంట్ కట్టుకునేట్టయితే యుటిలిటీ అలవెన్స్ కింద ఇంకొంత తగ్గుతుంది. ఒప్పందంలో ఉన్న అద్దెకి పైన టెనెంట్ దగ్గర చేతిలో తీసుకోవడం నేరం. కొందరు మేనేజర్లు "అందరూ చేస్తారు" అంటారు, వాళ్లని మార్చండి.

ఇన్‌స్పెక్షన్ పాసయ్యాకే చెల్లింపు మొదలవుతుంది. ఫెయిలయితే తిరిగి తేదీ దొరికేదాకా ఇల్లు ఖాళీ. ఫెయిలయ్యేవి చాలావరకు చిన్నవే: పని చేయని స్మోక్ అలారం, కవర్ లేని స్విచ్ బోర్డు, ఊడిన పెయింటు, మెట్లకు రెయిలింగ్ లేకపోవడం, వాటర్ హీటర్ రిలీఫ్ వాల్వ్‌కి కిందికి పైపు లేకపోవడం, సింకు దగ్గర షాక్ కొట్టకుండా ఆపే జీఎఫ్‌సీఐ ప్లగ్ లేకపోవడం. ముందురోజు మేనేజర్ చేత ఇవన్నీ చూపించి ఫోటోలు తెప్పించుకోండి. తర్వాత కనీసం రెండేళ్లకోసారి మళ్లీ వస్తారు. ప్రాణాపాయం ఉన్న లోపమైతే 24 గంటల్లో, మిగతావి 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే అథారిటీ వాటా ఆగిపోతుంది, ఆగిన డబ్బు టెనెంట్ దగ్గర వసూలు చేయకూడదు.

వోచర్ ఉందని స్క్రీనింగ్ మానేయొద్దు. అథారిటీ చూసేది అర్హత. ఇల్లు ఎలా ఉంచుకుంటారో చూసుకోవాల్సింది మీరే.

ఖాళీ_ఇల్లు:

ఎవరూ ఇంకా అనలేదు కాబట్టి చెబుతున్నా. ఇలాంటి పేటలో అత్యంత ప్రమాదకరమైన రోజులు రిపేరు పూర్తయి టెనెంట్ ఇంకా దిగని రోజులు. లోపల కొత్త రాగి పైపు, కొత్త వాటర్ హీటర్, కొత్త ఫ్రిజ్, బయట ఏసీ కండెన్సర్, మనిషి లేడు. కొన్ని వందల డాలర్ల రాగి కోసం గోడలు బద్దలు కొట్టి పోతారు, నీళ్లు పారుతూ ఉంటాయి. పైపు విలువ కన్నా నీళ్లు చేసే నష్టం పది రెట్లు.

అందుకే పని వరస మార్చండి. నీళ్ల పైపు పెక్స్ ప్లాస్టిక్‌దే వేయించండి, దాన్ని దొంగిలించి లాభం లేదు. ఫ్రిజ్, స్టవ్, కండెన్సర్ లీజు సంతకం అయ్యాక, తాళాలిచ్చే వారంలో బిగించండి. కండెన్సర్‌కి ఇనుప పంజరం, కాంక్రీటులో బోల్టులతో. ముందే పాత మురికి కర్టెన్లైనా కిటికీలకు వేలాడదీయండి. పోర్చ్ లైటు చీకటి పడగానే వెలిగేది పెట్టండి. పెరట్లో "అద్దెకి ఇవ్వబడును" బోర్డు పెట్టడమంటే ఖాళీగా ఉందని చాటడమే, ప్రకటన ఆన్‌లైన్‌లో చాలు. కోడ్ మారే లాక్‌బాక్స్ వాడండి. ఫోటోలు కాపీ కొట్టి వేరే వెబ్‌సైట్‌లో సగం అద్దెకి ప్రకటన వేసి, అడ్వాన్స్ గుంజి, తాళం మార్చి అమాయకుల్ని లోపల పెట్టేవాళ్లున్నారు. ఆ కుటుంబం చేతిలో దొంగ లీజు ఉంటుంది, పోలీసులు ఇది సివిల్ అని వెళ్లిపోతారు, మీరు కోర్టు మెట్లెక్కాలి. ఖాళీగా ఉన్నంతకాలం వారానికి రెండుసార్లు ఎవరైనా లోపలికి వెళ్లి తేదీ కనిపించేలా ఫోటో తీయాలి. నవంబర్ నుంచి మార్చి దాకా ఖాళీగా ఉంటే మెయిన్ వాల్వ్ కట్టి లైన్లు ఖాళీ చేయించండి.

ఇన్సూరెన్స్‌లో చిక్కు కూడా ఇక్కడే. అద్దె ఇళ్ల పాలసీల్లో చవకగా వచ్చే డీపీ-1లో దొంగతనం, ధ్వంసం మామూలుగా ఉండవు, కాలిపోతే అరుగుదల తీసేసి ఇస్తారు. డీపీ-3 మెరుగే, కానీ అందులోనూ ఇల్లు 30 లేదా 60 రోజులు వరసగా ఖాళీగా ఉంటే ధ్వంసానికి కవరేజి పోతుంది. ఎన్ని రోజులో మీ పాలసీలో చదవండి. రిపేరు నడిచేటప్పుడు విడిగా ఖాళీ ఇంటి పాలసీ గానీ బిల్డర్స్ రిస్క్ గానీ తీసుకోవాలి. ఆఫర్ ఇచ్చే ముందే ఆ అడ్రస్‌కి కొటేషన్ అడిగితే వీధి గురించి కూడా ఒక మాట తెలిసినట్టే. మూడు కంపెనీలు వద్దన్నాయంటే అర్థం చేసుకోండి.

కొత్త_పెట్టుబడి:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. హెలాక్ ఆలోచన మానేస్తున్నాం. ఇంకో రెండే ప్రశ్నలు. ఈ ఇంట్లో టెనెంట్ ఇప్పటికే ఉన్నారంటున్నాడు కదా, అది ఎలా నిర్ధారించుకోవాలి? మేనేజర్‌ని ఎలా ఎంచుకోవాలి?

దస్తావేజు:

టెనెంట్ విషయం నేను చెబుతా. లీజు కాపీ చాలదు, ఎవరైనా టైపు చేయొచ్చు. ఎస్టాపెల్ సర్టిఫికెట్ కావాలి, అంటే టెనెంట్ స్వయంగా సంతకం పెట్టిన కాగితం: అద్దె ఎంత, ఎప్పటివరకు కట్టారు, డిపాజిట్ ఎంత, యజమాని ఇంకా చేయాల్సిన రిపేర్లేమిటి, మౌఖిక ఒప్పందాలేమైనా ఉన్నాయా. దాంతోపాటు 12 నెలల అద్దె లెడ్జర్, దానికి సరిపోయే బ్యాంకు డిపాజిట్లు. మొదటి నెల, డిపాజిట్ మాత్రమే పడి తర్వాత ఏమీ లేకపోతే అమ్మడానికి దింపిన టెనెంట్ అన్నమాట. డిపాజిట్ క్లోజింగ్‌లో మీకు బదిలీ కావాలి. ఆ డబ్బు అమ్మేవాడు మింగినా రేపు టెనెంట్ అడిగేది మిమ్మల్నే. ఒహాయోలో ఖాళీ చేసిన 30 రోజుల్లో లెక్క రాసి తిరిగివ్వకపోతే అన్యాయంగా పట్టుకున్న దానికి రెట్టింపు కట్టాల్సి వస్తుంది.

అద్దె ఆగితే మూడు రోజుల నోటీసుతో మొదలు. చట్టం చెప్పిన వాక్యం నోటీసులో ఉండాలి. నోటీసు ఇచ్చాక రాబోయే నెలల అద్దె తీసుకుంటే ఆ నోటీసు చెల్లకపోవచ్చు, మేనేజర్‌కి ఇది తెలియకపోతే మీకు ఇంకో నెల పోతుంది. ఇల్లు ఎల్‌ఎల్‌సి పేరున ఉంటే లాయర్ తప్పనిసరి. పిల్లలున్న పేద కుటుంబాలకు క్లీవ్‌ల్యాండ్‌లో సిటీ తరఫున ఉచిత లాయర్ ఉంటారు, కాబట్టి మీ వైపు కాగితం సరిగ్గా లేకపోతే నిలవదు. చాలాసార్లు కొంత డబ్బిచ్చి, తేదీ రాసుకుని, తాళాలు తీసుకోవడమే చవక.

లెక్కల_మాస్టారు:

మేనేజర్‌ని ఎంచుకునేటప్పుడు "ఎంత శాతం" అన్నది చివరి ప్రశ్న. ముందు ఇవి అడగండి. ఆ వీధికి మైలు లోపల మీ చేతిలో ఎన్ని ఇళ్లున్నాయి? గత ఏడాది వాటిలో సగటున ఖాళీ ఎన్ని రోజులు? టెనెంట్ సగటున ఎన్నాళ్లున్నారు? కొత్త టెనెంట్‌కి మా దగ్గర ఒక నెల అద్దె తీసుకుంటారు కదా, ఆర్నెల్లలో వెళ్లిపోతే రెండోసారి ఉచితంగా పెడతారా? టెనెంట్ మారితేనే వాళ్లకి ఫీజు వస్తుంది, మీకేమో మారకపోతేనే లాభం. కాంట్రాక్టులో ఈ ఎదురుబొదురు సర్దుకోవాలంటే ప్లేస్‌మెంట్ ఫీజు తగ్గించి, లీజు రెన్యూ అయినప్పుడు కొంత ఇవ్వడం మేలు.

ఫీజు వసూలైన అద్దె మీద అని రాయించండి, రావాల్సిన అద్దె మీద కాదు. 300 డాలర్లు దాటిన రిపేరుకి మీ అనుమతి, ముందూ వెనకా ఫోటోలు, బయటి కాంట్రాక్టర్ అసలు బిల్లు. రిపేరు బిల్లు మీద పది, ఇరవై శాతం కలుపుకునే కంపెనీలుంటాయి, ఎంతో ముందే అడగండి. కాంట్రాక్టు నుంచి 30 రోజుల నోటీసుతో జరిమానా లేకుండా బయటపడే వీలుండాలి, బయటపడ్డాక లీజు, డిపాజిట్, తాళాలు ఎన్ని రోజుల్లో అప్పగిస్తారో కూడా రాయాలి.

హెచ్1బి మీద అద్దె ఆదాయం తీసుకోవడం మామూలే. రోజువారీ పని మీరే చేయడం దాకా పోతే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఇల్లు కొనేముందు ఆ మేనేజర్‌ని 100 డాలర్లిచ్చి ఆ ఇంటికి పంపి, ఎంత అద్దెకి, ఎన్నాళ్లలో వెళ్తుందో ఈమెయిల్‌లో రాయమనండి. నెలకు 1,150 అని వాళ్లు రాయడానికి వెనకాడితే మీ షీట్‌లోనూ ఆ అంకె కొట్టేసి మళ్లీ లెక్క వేయండి.